ఒక్క టిక్కు దగ్గర ఆగిన పిలుపు

మా రెండో అమ్మాయి పెళ్లికి మా మేనత్తను నేను పిలవలేదు. మరిచిపోయి కాదు, మనసులో ఏదో పెట్టుకునీ కాదు. పిలిచాననే అనుకున్నాను. ఫోన్లో ఆవిడ పేరు పక్కన ఒక్క టిక్కు పడింది, అదే పిలుపనుకున్నాను. ఈ మాట ఇన్నాళ్లూ మా ఆవిడతో తప్ప ఎవరితోనూ అనలేదు. ఈమధ్య తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ‘శుభలేఖలు అచ్చు వేయించాలంటారా, వాట్సాప్‌లో పెట్టేస్తే సరిపోదా’ అని అడిగారు. దానికి నేను ఇవ్వగలిగిన జవాబు నా తప్పులోనే ఉంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఆత్రేయపురం. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి అప్పటికి ఇరవై ఆరేళ్లు. 2022 వేసవిలో అమ్మాయికి సంబంధం కుదిరింది. రెండో పిల్ల కాబట్టి జ్యేష్ఠం అడ్డు రాదన్నారు పురోహితులు. జూన్ మధ్యలో ముహూర్తం, రావులపాలెంలో కల్యాణ మండపం. ఊరికి దగ్గర, జాతీయ రహదారి మీద ఉంది, మన ఊళ్ల వాళ్లందరికీ వీలుగా ఉంటుందని నేనే పట్టుబట్టి అక్కడ పెట్టించాను. ఊరివాళ్ల కోసం పెళ్లిని నాలుగు వందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లినవాణ్ణి, ఆ ఊరివాళ్ల గుమ్మం దాకా మాత్రం వెళ్లలేదు.

మా ఆవిడ మొదట్నుంచీ చెబుతూనే ఉంది. “ఒక్క వారం సెలవు పెట్టండి. ఇద్దరం వెళ్లి బొట్టు పెట్టి పిలిచి వద్దాం” అంది. ఒక ఆదివారం చార్మినార్ దగ్గర ఛత్తా బజార్‌కి తీసుకెళ్లింది కూడా. శుభలేఖల దుకాణాలకు పేరుపడ్డ చోటు అది. నాలుగు దుకాణాలు తిరిగాం. నచ్చిన కార్డు ఒక్కోటి ముప్పై అయిదు రూపాయలన్నారు. నేను అక్కడే లెక్క వేశాను. మూడు వందల కార్డులు, కవర్లు, పోస్టు ఖర్చు, కారు, పెట్రోలు, వారం సెలవు. పెళ్లయిన మర్నాడు చెత్తబుట్టలోకి పోయే కాగితానికి ఇదంతా ఎందుకన్నాను. అంతకుముందు రెండేళ్లు కరోనాలో గడిచాయి. 2020లో పెళ్లికి 50 మందికి మించకూడదని కేంద్రం ఆంక్ష పెట్టినప్పుడు మా బంధువుల్లో మూడు పెళ్లిళ్లు ఫోన్లోనే చూశాం, అక్షింతలు తెర ముందే వేశాం. 2022 ఫిబ్రవరిలోనే తమిళనాడులో ఒక జంట మెటావర్స్‌లో రిసెప్షన్ జరుపుకున్నారని పేపర్లో చదివాను. కాలం ఇటు నడుస్తుంటే నువ్వింకా పసుపు రాసిన కవర్లు పట్టుకుని తిరుగుదామంటావేమిటి అని ఆవిడ నోరు మూయించాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

వీడియో చేయించాను. నిమిషం పైచిలుకు. మొదట వినాయకుడు, వెనక సన్నాయి, తర్వాత పిల్లల ఫొటోలు, ముహూర్తం, చివర మండపానికి దారి చూపే మ్యాప్ లింకు. బాగా వచ్చింది. ఇక పంపడం. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని ఒక సదుపాయం ఉంది. ఒక జాబితాలో 256 మంది వరకూ చేర్చుకోవచ్చు. ఒక్కసారి నొక్కితే ఎవరికి వారికి విడిగా వెళ్తుంది. చూసేవాళ్లకు తమకొక్కరికే పంపినట్టు ఉంటుంది. ఊళ్లో ఉన్న మా తమ్ముడి వరసవాడొకడు నంబర్లన్నీ పోగుచేసి ఇచ్చాడు. 231 మందిని ఒకే జాబితాలో పెట్టాను.

వీడియో చేతికొచ్చింది మే 25న. ముందురోజు, మే 24న, మా ఊరున్న కోనసీమ జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాయి. కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి దగ్గర్నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదికి వెళ్తున్నారని టీవీలో చూస్తూనే ఉన్నాను. అయినా నొక్కేశాను. నెట్ వచ్చాక వాళ్లే చూసుకుంటారనుకున్నాను. మామూలు ఫోన్ కాల్ చేయడానికి అడ్డేమీ లేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

హైదరాబాద్, విశాఖ, బెంగళూరు వాళ్ల పేర్ల పక్కన నిమిషాల్లో రెండేసి టిక్కులు పడ్డాయి. అభినందనలు, పూలగుత్తుల బొమ్మలు వరసగా వచ్చాయి. ఊరివాళ్ల పక్కన ఒక్కొక్క టిక్కే ఉంది. నెట్ లేకేలే అనుకున్నాను. పది రోజులు పోయాక ఒక్కో మండలానికీ దశలవారీగా నెట్ వచ్చింది. కొందరికి రెండు టిక్కులు పడ్డాయి. చాలామందికి ఒక్కటే ఉండిపోయింది. ఈలోగా మండపం, వంటవాళ్లు, బట్టలు, నగలు. ఆ జాబితా మళ్లీ తెరిచి చూడలేదు.

పెళ్లిరోజు అయిదు వందల మందికి వండించాం. మధ్యాహ్నం రెండో బంతి సగమే నిండింది. మూడో బంతి లేనే లేదు. ఊళ్లోంచి వచ్చింది పదమూడు మంది. అమ్మాయిని బుట్టలో కూర్చోబెట్టి తీసుకొచ్చాక ఇంటి పెద్ద ఆడపడుచు పక్కన పీట మీద కూర్చోవాలని మా ఇంటి ఆనవాయితీ. అక్క కూతురితో సహా మా పిల్లలందరికీ ఆ పీట మీద కూర్చుంది మా మేనత్తే. ఆరోజు ఆ చోటు ఖాళీగా ఉంది. నాకు కోపం వచ్చింది. ‘మనం ఊరిని తలుచుకుంటాం గానీ ఊరికి మనం అక్కర్లేదు’ అన్నాను మా ఆవిడతో. ఆవిడ మాట్లాడలేదు.

ఆషాఢం మొదట్లో పొలం కౌలు లెక్క చూసుకోవడానికి ఊరెళ్లాను. దానికి మాత్రం సెలవు దొరికింది. కాలవ గట్టు మీద దిగి నడుస్తుంటే అత్తయ్య వాళ్ల వసారాలోంచి పొగ వస్తోంది. కొబ్బరాకు మంట వాసన. ఆత్రేయపురంలో ఆ వాసన వచ్చిందంటే ఆ ఇంట్లో పూతరేకులు తీస్తున్నారన్నమాట. కోపం మనసులో పెట్టుకునే లోపలికెళ్లాను.

మావయ్య పడక్కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పలకరించలేదు. అత్తయ్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద బోర్లించిన కుండ. పక్కన గిన్నెలో పాలలా పలచగా రుబ్బిన బియ్యప్పిండి. తెల్లటి గుడ్డను అందులో ముంచి, రెండు చేతుల్తో అంచులు పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగింది. అంతే. రెప్పపాటులో పిండి ఆరి పొరై అంచుల దగ్గర లేచింది. వేళ్ల కొసల్తో దాన్ని ఎత్తి పక్కనున్న దొంతరలో వేసింది. అవతల పెట్టిన చెయ్యి ఇవతలికి కనిపించేంత పలచన. మంట ఒక్క పిసరు ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. ఆవిడ మంటను చూడదు, నా వైపూ చూడలేదు, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

“ఏరా అబ్బాయ్, పిల్ల బావుందా? అల్లుడు నెమ్మదైనవాడేనా?” అంది.

“మీరెవరూ రాలేదేం అత్తయ్యా” అన్నాను. నా గొంతులో నిష్ఠూరం నాకే వినిపించింది.

గుడ్డ గిన్నెలో వదిలేసి నా వైపు తిరిగింది. “కబురు తెలిసిందిరా. పిలుపు రాలేదు. పిలవని పేరంటానికి ఎలా వస్తాం చెప్పు? మీ నాన్న ఉంటే ఇలా చేస్తాడా?” అంది. గట్టిగా అనలేదు. కంట నీరు పెట్టుకోలేదు.

నేను ఫోన్ తీసి చూపించబోయాను. వీడియో పంపాను, ఇదిగో తేదీ, ఇదిగో మీ పేరు అని. ఆవిడ మనవడు, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఒక్క క్షణం చూశాడు. “ఇది బ్రాడ్‌కాస్ట్ అండి మావయ్యగారూ. మీ నంబరు మా ఫోన్లో సేవ్ చేసుంటేనే మాకొస్తుందండి. మీ నంబరు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదండి” అన్నాడు.

అది నిజం. బ్రాడ్‌కాస్ట్‌కి వాట్సాప్ పెట్టిన నియమం అది. పంపినవాడి నంబరు తన ఫోన్లో ఉన్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. తెలియనివాళ్లు వేలమందికి ఒక్కసారే ప్రకటనలు కుమ్మరించకుండా పెట్టిన అడ్డుగోడ. ఊరివాళ్ల పేర్ల పక్కన ఒక్క టిక్కు ఉండిపోయింది నెట్ లేకపోవడం వల్ల కాదు, నేను వాళ్లకు తెలియనివాణ్ణి కావడం వల్ల. వాళ్ల నంబర్లు నేను ఎవరి ద్వారానో సంపాదించాను. నా నంబరు వాళ్ల దగ్గర ఎందుకు ఉంటుంది? ఆరేళ్ల క్రితం నంబరు మార్చాను. మార్చానని చెప్పడానికైనా ఒక్కరికీ ఫోన్ చేయలేదు. మావయ్యకు కంటి ఆపరేషన్ అయిన సంగతి ఆరోజు కళ్లజోడు చూసి తెలుసుకున్నాను. ఆ యంత్రం నన్ను ఒకే ప్రశ్న అడిగింది. ‘నువ్వు వీళ్లకు తెలుసా’ అని. నా బదులు వాళ్ల ఫోన్లే జవాబు చెప్పాయి.

అత్తయ్య లోపలికెళ్లి పెద్ద రేకు డబ్బా ఒకటి తెచ్చింది. నెయ్యీ బెల్లమూ పెట్టని ఉత్త రేకులు చాలా రోజులు నిలవ ఉంటాయి. “అమ్మాయి సారెకని తీసి పెట్టాను. పిలుపొస్తే చుట్టుకుని తెద్దామనుకున్నా” అంది. అంటే కబురు తెలిసిన రోజు నుంచీ ఆవిడ ఎదురు చూస్తూనే ఉంది. నా ఎదురుగా కూర్చుని ఒక్కో రేకును తడిగుడ్డ మీద వేసి మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడతపెట్టడం మొదలుపెట్టింది. పొడిగా ఉన్న రేకును మడిస్తే పొడైపోతుంది. తడి తగిలాకే అది వంగుతుంది. అది చూస్తూ నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. యాభై రేకులు చుట్టి కట్టి ఇచ్చింది. “పిల్లకి నేనిచ్చానని చెప్పు” అంది.

మా నాన్న ఎలా పిలిచేవాడో ఆ రాత్రి ఊళ్లోనే పడుకుని తలుచుకున్నాను. లగ్నపత్రిక రాసుకున్న మర్నాడే నాన్న ఒక పొడుగు పుస్తకం తీసేవాడు. ఇంటింటి పేరూ, ఏ ఇంట్లో ఎంతమందో, ఏ ఇంటికి ఎవరు వెళ్లి పిలవాలో అందులో రాసుకునేవాడు. కార్డు నాలుగు మూలలా పసుపు పెట్టే పని అమ్మది, అక్కది. మొదటి శుభలేఖ వాడపల్లి వెంకన్న పాదాల దగ్గర. తర్వాత సైకిల్ మీద ర్యాలి, లొల్ల, పేరవరం, వెలిచేరు, బొబ్బర్లంక. లొల్ల లాకుల దగ్గర సైకిలాపి సోడా తాగడం నాకు గుర్తు, వెనక సీటు మీద కార్డుల సంచి పట్టుకుని కూర్చునేవాణ్ణి కాబట్టి. ఏ ఇంటికెళ్లినా కార్డు చేతిలో పెట్టేసి రావడం ఉండేది కాదు. మంచినీళ్లు తాగాలి, కూర్చోవాలి, ఆ ఇంటి కష్టసుఖం వినాలి. లేచేటప్పుడు చెప్పే మాట ఒకటుండేది: “ఆరోజు మీ ఇంట్లో పొయ్యి వెలగకూడదు.” ఇంటిల్లిపాదినీ పిలిచామని దాని అర్థం. పెళ్లిరోజు వడ్డన వేళకు మళ్లీ ఒక మనిషి ఇంటింటికీ వెళ్లి, విస్తళ్లు వేస్తున్నారు లేవండి అని చెప్పి వచ్చేవాడు. ఒకే పెళ్లికి రెండుసార్లు పిలిచేవాళ్లు. మాటపట్టింపులున్న ఇంటికైతే నాన్న స్వయంగా వెళ్లేవాడు. శుభలేఖ చేతిలో ఉంటే ఏ గుమ్మమైనా ఎక్కొచ్చురా అనేవాడు. పాత కోపాలు తీరడానికి పెళ్లిపిలుపు ఒక మర్యాదైన దారి అని నాకు అప్పుడు తెలియలేదు.

శుభలేఖలో ముహూర్తం, వేదిక ఉంటాయి. అది కబురు. కబురు మోయడానికి ఫోన్ను మించింది లేదు. కానీ ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని అందులో అచ్చువేసే మాట కబురు కాదు, అభ్యర్థన. మా ఇంటి శుభానికి మీరు లేకపోతే లోటు అని ఒక మనిషి ఎదురుగా నిలబడి ఒప్పుకోవడం. నేను మూడు వారాల ముందే అందరికీ కబురు చేరవేశానని తృప్తి పడ్డాను. అడగవలసిన మాట ఎవరినీ అడగలేదు. నా మూర్ఖత్వం ఫోన్ వాడడంలో లేదు, ఆ రెండూ ఒకటే అనుకోవడంలో ఉంది.

కాగితం వృథా అన్న నా మాటలో కొంత నిజం ఉందని ఇప్పటికీ అంటాను. బంగారు రేకు అద్ది, ప్లాస్టిక్ పూత పూసి, పెట్టెల్లో పెట్టి ఇచ్చే శుభలేఖలు ఎందుకూ పనికిరావు. కానీ దానికి మందు సాదా కార్డు. గుమ్మం ఎక్కకపోవడం కాదు.

ఫోన్ శుభలేఖల్లో ఇప్పుడు ఇంకో ప్రమాదం వచ్చి చేరింది. 2024 నుంచి పెళ్లిపత్రిక పేరు పెట్టి ఏపీకే ఫైళ్లు పంపే మోసగాళ్ల గురించి పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఎవరిదో పెళ్లి, చూద్దామని నొక్కితే అది ఫోన్లో ఒక యాప్‌లా దిగుతుంది. అడిగిన అనుమతులు ఇచ్చేస్తే మనకొచ్చే ఓటీపీలు అవతలివాడు చదువుతాడు. ఖాతా ఖాళీ అవుతుంది. అలాంటిది తెరిచి నష్టపోయినవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నిజమైన శుభలేఖ బొమ్మగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. యాప్ ఎక్కించుకోమని అడగదు. తెలియని నంబరు నుంచి వచ్చే పెళ్లిపిలుపును జనం తెరవడానికే భయపడే రోజులివి. నా నంబరు లేనివాళ్లకు అలా పంపి, నమ్మి రమ్మనడం ఎంతవరకు న్యాయం?

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసిన పొద్దున్న అత్తయ్యకు ఫోన్ చేశాను. పని పడితే తప్ప ఫోన్ చేయని మనిషిని, ఆరోజు పనేమీ లేకుండానే చేశాను. “మన రేకులకి ఢిల్లీదాకా పేరొచ్చిందంటగా” అంది. చాలాసేపు మాట్లాడింది. చివర్లో, “ఒరేయ్, ఈ నంబరు నీదేగా, పిల్లాడి చేత రాయించుకుంటానుండు” అంది. ఆ మాట విన్నాక కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

2025 మాఘమాసంలో మా అబ్బాయి పెళ్లి. ఈసారి నూట ఎనభై సాదా కార్డులు వేయించాం. రంగు కాగితం, ఒక పక్క అచ్చు. ఆరు రోజులు సెలవు పెట్టాను. మొదటి కార్డు వాడపల్లిలో పెట్టి, రెండోది తీసుకుని అత్తయ్య గుమ్మం ఎక్కాం. మా ఆవిడ బొట్టు పెట్టింది. నేను కార్డు మావయ్య చేతిలో పెట్టి, ఆరోజు మీ ఇంట్లో పొయ్యి వెలగకూడదు అన్నాను. ఆ మాట నోటికి రావడానికి నాకు యాభై ఎనిమిదేళ్లు పట్టింది. మావయ్య కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని ప్రతి పేరూ పైకి చదివి, కేలండర్ మేకుకు గుచ్చాడు.

ఫోన్ కూడా వాడాను. డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లకు వీడియో పంపాను. పంపే ముందు ఒక్కొక్కరితో మాట్లాడాను. రావులపాలెం దారి తెలియనివాళ్లకు మ్యాప్ పెట్టాను. పెళ్లిరోజు మూడు బంతులు నిండాయి. పీట మీద అత్తయ్య కూర్చుంది.

మీ ఇంట్లో పెళ్లి కుదిరితే వీడియో చేయించుకోండి, పంపండి, అందులో తప్పేమీ లేదు. కానీ పంపే ముందు మీ జాబితా ఒకసారి నెమ్మదిగా చదవండి. ఎవరి ఫోన్లో మీ నంబరు లేదో మీకు తెలుస్తుంది. ముందు ఆ ఇంటికి వెళ్లండి.